వీడని బంధం

ఆయుధం పట్టి పోరాడిన వీరుల గాథలను చరిత్ర పదిలంగా దాచుకొంటుంది. ఆయుధం పట్టకుండా, ఒక మనిషి పక్కన నిలబడి ఆ ప్రాణాన్ని కాపాడినవారి ధైర్యం తరచుగా మరుగున పడిపోతుంది. నాజీల పాలనలోని జర్మనీలో యూదులు, క్రైస్తవులు కలిసి బతికిన కుటుంబాలలో అటువంటి ధైర్యం ఎందరిలోనో కనిపించింది. విక్టర్ క్లెంపరర్, ఈవా దంపతుల జీవితమే ఇందుకు నిదర్శనం.

విక్టర్ 1881లో ఒక యూదు మతగురువు ఇంట జన్మించారు. 1906లో సంగీత విద్వాంసురాలైన ఈవాను వివాహమాడారు. ఆమె క్రైస్తవ కుటుంబానికి చెందినది. తరువాత విక్టర్ కూడా క్రైస్తవ మతాన్ని స్వీకరించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పక్షాన సైనికుడిగా పనిచేశారు. 1920 నుండి డ్రెస్డెన్ నగరంలో ఆచార్య పదవిని నిర్వహించారు.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. 1935 సెప్టెంబరులో న్యూరెంబర్గ్ చట్టాలు వెలువడ్డాయి. ఆ చట్టాలు మనిషి విశ్వాసాన్ని లెక్కచేయలేదు. అతని వంశాన్ని కొలిచాయి. తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ అనే నలుగురిలో కనీసం ముగ్గురు యూదులైతే, బాప్తిస్మం పొందినవాడు కూడా యూదుడే. యూదులకు, ఇతర జర్మన్లకు మధ్య కొత్త వివాహాలు నిషిద్ధమయ్యాయి. అప్పటికే జరిగిన వివాహాలు మాత్రం రద్దు కాలేదు.

ఆ వివాహాలే కొందరికి రక్షణ కవచాలయ్యాయి. 1941లో జర్మనీలోని యూదులను తూర్పు ప్రాంతాలకు తరలించడం పెద్దయెత్తున మొదలైంది. యూదేతరుల భర్తలను, భార్యలను తరలిస్తే వారి బంధువర్గంలో అలజడి రేగుతుందని ప్రభుత్వం జంకింది. అందువల్ల వారిలో చాలామందిని అప్పటికి విడిచిపెట్టింది. అయితే విడాకులు తీసుకొన్నా, యూదేతర జీవిత భాగస్వామి మరణించినా ఆ రక్షణ తొలగిపోయేది. విడిపొమ్మని రహస్య పోలీసులైన గెస్టపోవారు ఒత్తిడి చేసేవారు. ఒక్క సంతకం చేస్తే ఈవాకు అవమానాలు తప్పేవి. విక్టర్ ప్రాణం మాత్రం నిలిచేది కాదు. ఆమె ఆ సంతకం చేయలేదు.

ఈ నిర్ణయానికి ఆమె చెల్లించిన మూల్యం తక్కువది కాదు. 1935లో విక్టర్ ఉద్యోగం పోయింది. 1940లో దంపతులిద్దరూ సొంత ఇంటిని వదలి, యూదులకు కేటాయించిన ఇరుకు ఇంటిలోకి మారవలసివచ్చింది. గ్రంథాలయం, కారు, టైపురైటరు ఒక్కొక్కటిగా దూరమయ్యాయి. 1942లో పెంపుడు పిల్లిని సైతం చంపించవలసివచ్చింది. పిల్లలను క్రైస్తవులుగా పెంచుతున్న దంపతులకు కొన్ని సడలింపులుండేవి. క్లెంపరర్ దంపతులకు సంతానం లేదు. కాబట్టి 1941 సెప్టెంబరు 19 నుండి విక్టర్ పసుపు పచ్చని నక్షత్రాన్ని వస్త్రంపై కుట్టుకొని తిరగవలసివచ్చింది. గెస్టపో సోదాలలో ఈవా కూడా దూషణలకు గురయ్యారు.

విక్టర్ రహస్యంగా దినచర్య రాసేవారు. ఆ కాగితాలు దొరికితే మరణం తప్పదు. ఈవా వాటిని పిర్నా పట్టణంలోని వైద్యురాలైన మిత్రురాలి ఇంటికి చేరవేసి దాచేవారు.

ఇటువంటి స్థైర్యం ఆమె ఒక్కరిదే కాదు. 1943 ఫిబ్రవరి 27న బెర్లిన్‌లో యూదులను మూకుమ్మడిగా నిర్బంధించారు. మిశ్రమ వివాహాలకు చెందిన సుమారు రెండు వేల మందిని రోజెన్‌స్ట్రాసె వీథిలోని భవనంలో ఉంచారు. వారి భార్యలు, బంధువులు ఆ వీథిలో గుమికూడి రోజుల తరబడి నిలిచారు. మార్చి నెలలో బందీలలో అత్యధికులు విడుదలయ్యారు. విడుదలకు ఆ నిరసనే కారణమా అన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ స్త్రీల సాహసం మాత్రం నిర్వివాదం.

కవచానికి కూడా కాలం తీరే సమయం వచ్చింది. డ్రెస్డెన్‌లో మిగిలిన యూదులు రెండు వందలకు మించరు. వారిలో పలువురు తరలింపునకు హాజరుకావాలని ఆజ్ఞలు వెలువడ్డాయి. 1945 ఫిబ్రవరి 13న ఆ పత్రాలను ఇల్లిల్లూ తిరిగి అందించే పని విక్టర్‌పైనే పడింది. ఆ రాత్రే మిత్రదేశాల విమానాలు నగరంపై బాంబులు కురిపించాయి. సుమారు ఇరవై అయిదు వేల మంది మరణించారు. మంటల్లో విడిపోయిన దంపతులు మరునాడు ఉదయం తిరిగి కలుసుకొన్నారు. ఈవా చిన్న చాకుతో భర్త కోటుపైనున్న నక్షత్రాన్ని తొలగించారు. ఇల్లు కోల్పోయిన జర్మన్ల గుంపులో కలిసి ఇద్దరూ బవేరియా వైపు తప్పించుకొన్నారు. జూన్‌లో తిరిగి డ్రెస్డెన్ చేరారు.

నాజీల భాష ప్రజల ఆలోచనను ఎలా విషపూరితం చేసిందో విశ్లేషిస్తూ విక్టర్ రచించిన గ్రంథం 1947లో వెలువడింది. ఈవా 1951లో, విక్టర్ 1960లో కన్నుమూశారు. ఆమె దాచిన దినచర్య 1995లో ప్రచురితమై, ఆ చీకటి కాలానికి అమూల్యమైన సాక్ష్యంగా నిలిచింది.

జర్మనీలోనే ఉండి బతికి బయటపడిన యూదులలో అధికులు మిశ్రమ వివాహాలు చేసుకొన్నవారే. చట్టం మనుషులను వంశాన్ని బట్టి విభజించింది. ఈవా వంటి వారు ఆ విభజనను తమ గడప దాటి లోపలికి రానీయలేదు. ద్వేషమే శాసనమైన కాలంలో ఒక మనిషిని విడువకుండా ఉండటం కూడా గొప్ప ప్రతిఘటన అని వారి జీవితాలు మనకు బోధిస్తున్నాయి.