మూడు పాళ్ల సిలికాన్

జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో చాలా పొలాలు సాగర్ ఎడమ కాలువకు చివరి భూములు. కాలువ నీరు అందని ఏడు పత్తికీ మిర్చికీ బోరే దిక్కు, బోరుకు ట్రాన్స్‌ఫార్మర్ దిక్కు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో పుట్టిన కరెంటు బోరు మోటారు దాకా రావాలంటే నాలుగైదు ట్రాన్స్‌ఫార్మర్లు దాటాలి. వాటిలో చివరిది పొలంలో దిమ్మె మీదుండి 11 వేల వోల్టులను 433కు దించేది. మోటార్లన్నీ కట్టేసి ఉన్నా, లైను ఉన్నంతసేపూ అది సన్నగా గుయ్యిమంటూనే ఉంటుంది. ఆ రొద ప్రధానంగా వచ్చేది లోపలి ఇనుప రేకుల నుంచి. సెకనుకు 50 ఆవృత్తులు. ఒక్కో ఆవృత్తిలో రేకు రెండుసార్లు కంటికి కనిపించనంత సాగి మళ్లీ ముడుచుకుంటుంది. అంటే పనిలేని వేళ కూడా ఇనుము అటూ ఇటూ అయస్కాంతమవుతూ కరెంటు తింటోంది. ట్రాన్స్‌ఫార్మర్ మంచిచెడ్డలు తీగచుట్టలు చూసి తేల్చడం మనకు అలవాటు. ఖాళీగా ఉన్న ఇనుము ఎంత తింటుందో కూడా చూసి తేల్చాలన్నది నా వాదన. ఆ తిండిని అదుపులో పెట్టింది ఇనుములో నూటికి మూడు పాళ్లు కలిపిన సిలికాన్.

లెక్క చూద్దాం. పాత ప్రమాణాల్లో 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇనుములో నష్టం 100 వాట్లు, పూర్తి లోడు మీద తీగల్లో నష్టం 685 వాట్లు. ఈ రెండంకెలు పక్కపక్కన పెడితే ఎవరైనా తీగల వైపే చూస్తారు. కానీ తీగల నష్టం కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది: లోడు సగమైతే 171 వాట్లు, పావైతే 43 వాట్లే. ఇనుము మాత్రం లోడు ఉన్నా లేకున్నా తన 100 తాను తీసుకుంటుంది. సేద్యపు లైన్లకు కరెంటు గంటల లెక్కన వస్తుంది కానీ, ఊళ్లో ఇళ్లకు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ రాత్రింబవళ్లు లైనులోనే ఉంటుంది. ఏడాది పొడుగునా అలా ఉంటే ఇనుము ఒక్కటే 876 యూనిట్లు తినేస్తుంది. ఊరికొక అంకె వేసుకుని హెచ్చవేస్తే చిన్న సంగతి కాదని తెలుస్తుంది.

1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ ఫ్యాక్టరీలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డెరి అనే ముగ్గురు ఇంజనీర్లు మూసిన ఇనుప గర్భం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ చేసేనాటికి దొరికేది మామూలు మెత్తని ఇనుమే. దానికి ఒక జబ్బు ఉండేది. నెలల తరబడి వేడిలో ఉంటే నష్టం పెరుగుతూ పోయేది. షెఫీల్డ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ రకరకాల మిశ్రమ ఉక్కులు పోయించాడు. వాటి అయస్కాంత గుణాలను, విద్యుత్ గుణాలను డబ్లిన్‌లో విలియం బారెట్, బ్రౌన్‌లు కొలిచారు. 1900లో ఆ కొలతలు అచ్చయ్యాయి. సిలికాన్ కలిపిన ఇనుము తేలిగ్గా అయస్కాంతమవుతోంది, కరెంటును మాత్రం బాగా అడ్డుకుంటోంది. మూడు శాతం సిలికాన్‌తో ఇనుము నిరోధకత నాలుగు రెట్లు దాటుతుంది. రేకులో పుట్టే సుడి ప్రవాహాలు ఆ మేరకు తగ్గుతాయి, వయసుతో వచ్చే జబ్బూ నయమవుతుంది. తర్వాత అమెరికాలో నార్మన్ గాస్ రేకును చల్లగానే రోలర్ల మధ్య నొక్కి, కాల్చి, స్ఫటికాలన్నీ ఒకే దిక్కుకు తిరిగేలా చేశాడు. 1934లో పేటెంటు వచ్చింది. ఇవాళ్టి రేకును చేతిలోకి తీసుకుంటే నాలుగు కలిస్తే గాని ఒక మిల్లీమీటరు కాదు. మూలల్లో 45 డిగ్రీల ఏటవాలుగా కోసి ఉంటుంది, అయస్కాంత ధార స్ఫటికాల దిక్కు తప్పకుండా మలుపు తిరగాలని.

మూడే ఎందుకు, ఇంకా కలపవచ్చు కదా అని అడగవచ్చు. 6.5 శాతం కలిపితే రేకు సాగడం ముడుచుకోవడం దాదాపు ఆగిపోతుంది, రొద అణిగిపోతుంది. కానీ అక్కడికి వచ్చేసరికి పరమాణువులు ఐరన్ సిలిసైడ్‌లోలా వరసలు కడతాయి, రేకు పెంకులా పెళుసెక్కుతుంది. బరువులో 14 శాతం సిలికాన్ ఉంటే మూడు ఇనుప పరమాణువులకు ఒక సిలికాన్ పరమాణువు ఉన్న సిలిసైడ్. సగం దాకా పోతే అది లోహమే కాదు, వేడి నుంచి కరెంటు తీయడానికి 1960ల నుంచి పరీక్షిస్తున్న అర్ధవాహకం. అదే జంట, పాళ్లు మారితే పని మారిపోతుంది. ఆ మూడు పాళ్లకూ ఖరీదు ఉంది: ఇనుము మోయగల అయస్కాంతత్వం 2.15 టెస్లా నుంచి 2.03కు దిగుతుంది, అందుకని ఇనుము కాస్త ఎక్కువ వేయాలి. నష్టంలో తగ్గుదల ముందు ఇది తక్కువ ధరే.

రైతు బాధ ఇనుము కాదు, కాలిపోయే తీగచుట్టలు అంటారు. నిజమే. పైరు ఎండుతున్న రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే యూనిట్ల లెక్క ఎవరికీ పట్టదు, పట్టనక్కరలేదు. అయితే కాలినదాన్ని బాగు చేసేటప్పుడే ఇనుముకు దెబ్బ తగులుతుంది. పై వరస రేకులు ఊడదీసి, చుట్టలు మార్చి, రేకులు మళ్లీ పేర్చాలి. సుత్తితో కొట్టి సరిచేసినా, రేకు వంగినా, మూలల్లో సందు మిగిలినా, పైనున్న సన్నని పూత గీరుకుపోయినా లోడు లేనప్పటి ఖాళీ నష్టం పెరుగుతుంది. ఆ దెబ్బల ఒత్తిడి రేకులో మిగిలిపోతుంది. దాన్ని పోగొట్టడానికి సుమారు 800 డిగ్రీల్లో కాల్చాలి, చుట్టలు కట్టే షెడ్డులో ఆ కొలిమి ఎక్కడిది? రేకుల బదులు గాజులా గడ్డకట్టిన పలుచని పట్టీలు వాడితే ఖాళీ నష్టం మూడో వంతుకు పడిపోతుంది; వాటిలోనూ ఇనుముకు తోడు బోరాన్‌తో పాటు సిలికానే. కానీ అవి మరీ పెళుసు, ఊళ్లలో విప్పి కట్టడం కష్టం. అందుకని చాలాకాలం ఈ రేకులతోనే నెట్టుకురావాలి. బాగై వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్‌ను వోల్టేజీ ఒక్కటే చూసి దిమ్మె ఎక్కించడం చాలదు. లోడు లేకుండా వాట్‌మీటరు పెట్టి, వచ్చిన అంకెను ట్యాంకు మీద పెయింటుతో రాసి పంపాలి. కొత్తగా ఉన్నప్పటి అంకె పక్కనే.