రెండు గంటల దారి, రెండు గడియారాలు

బార్సిలోనా నుంచి లిస్బన్‌కు విమానం టికెట్టు చూసి మా శ్రీమతి, "పదింటికి ఎక్కితే పదకొండు దాటగానే దింపేస్తాడా!" అని ఆశ్చర్యపోయింది. తిరుగు టికెట్టులో మాత్రం మూడు గంటల ప్రయాణంలా ఉంది. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకు లెక్కలు సరిచూస్తున్న నాకు ఈ జమాఖర్చు కుదరలేదు.

మధ్యధరా ఒడ్డున బార్సిలోనా, అట్లాంటిక్ చెంత లిస్బన్. ఆకాశమార్గాన సుమారు 1000 కిలోమీటర్లు, ఎటు వెళ్లినా రెండు గంటలే. (రోడ్డున 1200 పైమాటే. నేరుగా రైలు లేదు.) తేడా అంతా గడియారంలో ఉంది. స్పెయిన్ పోర్చుగల్ కంటే గంట ముందు. 1940లో ఫ్రాంకో హయాంలో ముందుకు జరిపిన ముల్లును మళ్లీ వెనక్కి తేలేదు. పోర్చుగల్ కూడా 1992లో స్పెయిన్ టైముకే మారింది. చలికాలం పిల్లలు చీకట్లో బడికి వెళ్లాల్సి వస్తోందని జనం గొడవ పెట్టారు. 1996లో పాత టైముకు వచ్చేసింది.

ఇదంతా చదివీ, తిరిగొచ్చాక బార్సిలోనాలో నా చేతి గడియారం మార్చడం మరిచాను. ఇంటికి వచ్చే విమానానికి ఇంకా గంటన్నర ఉందని తీరిగ్గా కాఫీ తాగుతున్నాను. గోడ గడియారం చూసి శ్రీమతి కేక వేసింది. సామాన్లు పట్టుకుని పరుగెత్తితే, తలుపు మూసేందుకు సిద్ధంగా ఉన్నారు.

సీట్లో కూలబడ్డాక ఆవిడ నెమ్మదిగా అడిగింది: "మీ బ్రాంచిలో గడియారం ఎవరండీ సరిచేసేది?"