పూత లేని కుండ, పొగ గీసిన బొమ్మ

గుర్రపు వెంట్రుకల కుండ అంటే గాజుపూత వేయని మట్టిపాత్ర. ఆవంలోంచి తీసిన వేడి మీదే దానిపై గుర్రం తోక వెంట్రుకలు వేస్తారు. అవి కాలి, పడిన దారినల్లా నల్లటి గీత వదిలిపోతాయి. ఆ గీతలే అలంకారం. కుంచె ఉండదు, రంగు ఉండదు. ఒక కుండలా మరో కుండ ఎన్నటికీ రాదు.

ఈ పద్ధతి పుట్టిల్లు అమెరికా నైరుతి ప్రాంతం. దానికి కావలసిన విద్యలు మాత్రం మూడే: మట్టిని రాయితో రుద్ది మెరుగు తేవడం, పూత లేకుండా కాల్చడం, పొగను మట్టిలోకి ఇంకించడం. ఈ మూడూ నంద్యాల జిల్లా పాణ్యం చుట్టుపక్కల నేలలో దొరికే కుండపెంకుల మీద వేల ఏళ్లుగా కనిపిస్తూనే ఉన్నాయి. అందుకే గుర్రపు వెంట్రుకల పనిని ఇక్కడి మట్టి పక్కన, ఇక్కడి కుండల పక్కన పెట్టి చూస్తే దాని మర్మం తొందరగా బోధపడుతుంది.

మట్టి దగ్గర మొదలు

పాణ్యం పేరు భూగర్భ శాస్త్రంలో ఒక రాతికి ఉంది. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద వెలువరించిన గ్రంథంలో కర్నూలు రాళ్లను వరసలుగా విడదీసి, ఒక వరసకు పాణ్యం పేరు పెట్టాడు. నేటికీ అది పాణ్యం క్వార్ట్‌జైటే. దాని కింద ఔకు షేల్, పైన కోయిలకుంట్ల సున్నపురాయి, ఆపైన నంద్యాల షేల్ ఉంటాయి. ఔకు, బేతంచెర్ల వైపు తెల్లమట్టి, పసుపు రంగుమట్టి తవ్వుతారు. కుందూ లోయంతా నల్లరేగడి. నల్లరేగడి ఒక్కటే కుండకు పనికిరాదు. నీళ్లు తాగి బాగా ఉబ్బే మట్టి కనుక ఆరేటప్పుడు అంతగానూ ముడుచుకుని బీటలిస్తుంది. చెరువు మట్టి కలపాలి, ఇసుకతో దాని జిగట విరవాలి.

మామూలు కుండకు ఇసుక చాలు. గుర్రపు వెంట్రుకల కుండకు ఇసుకతోనే చిక్కు. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్‌జ్. పాణ్యం క్వార్ట్‌జైట్ అరిగి వచ్చిన ఇసుకైతే దాదాపు అంతా అదే. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర క్వార్ట్‌జ్ స్ఫటికం రూపు మార్చుకుంటుంది. వేడెక్కుతుంటే ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారుతుంటే ఒక్కసారిగా ముడుచుకుంటుంది. ఆవంలో ఈ మార్పు మెల్లగా జరిగిపోతుంది కాబట్టి కుండకు ప్రమాదం లేదు. ఎర్రటి వేడి మీద బయటికి తీసిన పాత్రలో మాత్రం అది నిమిషాల్లో, ఒక పక్క ముందు, ఇంకో పక్క వెనక జరుగుతుంది. టప్పున పగిలే కుండల్లో చాలావాటి చావు అక్కడే ఉంది. అందుకే ఈ పనికి ఇసుక తగ్గించి, ఒకసారి కాలిన పెంకులను దంచిన పొడి కలుపుతారు. కాలిన మట్టి మళ్లీ అంతగా ఉబ్బదు, వేడి దెబ్బను తట్టుకుంటుంది.

రుద్దుడే మెరుగు

సారె మీద గానీ చేత్తో గానీ పాత్రను చేస్తారు. గోడ అంతటా ఒకే మందంలో రావాలి. గోడ పలచగా ఉన్నచోట వేడి ముందే దిగిపోతుంది, అక్కడ వెంట్రుక సరిగా కాలదు. పాత్ర తడి పోయి, ఇంకా పూర్తిగా ఎండని దశలో నున్నటి గులకరాయితో గానీ చెంచా వీపుతో గానీ ఒకే దిక్కుగా రుద్దుతారు. పలుచటి పలకల్లాంటి మట్టి రేణువులు ఆ ఒత్తిడికి పడుకుని, ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. ఉపరితలం చదునైన కొద్దీ వెలుగు చెదరకుండా తిరిగొస్తుంది. మెరుపు అంటే ఇంతే. పైన ఏ పదార్థమూ చేరలేదు, ఉన్న మట్టే సర్దుకుంది.

రెండో దారి టెర్రా సిజిలాటా. మట్టిని నీళ్లలో పలుచగా కలిపి, రేణువులు ఒకదాన్నొకటి అంటుకోకుండా కొద్దిగా సోడియం సిలికేట్ వేసి కదపకుండా ఉంచితే బరువైన మట్టి అడుగుకు దిగుతుంది. పైన తేలి నిలిచిన అతి సన్నటి మట్టినీళ్లను వంపుకుని, బాగా ఎండిన పాత్రకు రెండు మూడు చేతులు పూసి, మెత్తటి గుడ్డతో రుద్దుతారు. తెల్లమట్టితో చేసిన సిజిలాటా మీద నల్లగీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఔకు తెల్లమట్టిని ఈ కోణంలో పరీక్షించి చూడడం కుండల పని నేర్చుకుంటున్నవాళ్లకు మంచి అభ్యాసం.

తొలి కాల్పు 900 నుంచి 950 డిగ్రీల మధ్య ఆపాలి. 1,000 దాటితే రేణువులు కరగడం మొదలై, కష్టపడి తెచ్చిన నునుపు పోతుంది. ఉపరితలంలోని సన్నటి రంధ్రాలూ మూసుకుంటాయి. రంధ్రం మూసుకుంటే పొగ ఇంకే దారి లేదు. గాజుపూత వేసిన పాత్ర మీద వెంట్రుక గీత నిలవకపోవడానికి కారణం ఇదే.

వెంట్రుక వేసే నిమిషం

పనంతటికీ ఆయువుపట్టు ఇక్కడ ఉంది. తొలి కాల్పు అయిన పాత్రను రెండోసారి మెల్లగా సుమారు 700 డిగ్రీల వరకు వేడి చేసి, పొడవాటి పట్టకారుతో తీసి, ఇటుక మీద నిలబెడతారు. అక్కణ్ణుంచి చేతిలో ఉండే వ్యవధి ఒకటి రెండు నిమిషాలే. వెంట్రుకలు ముందే చిక్కు తీసి, పొడవును బట్టి వేరుచేసి పెట్టుకోకపోతే ఆ వ్యవధి వెతుకులాటలోనే పోతుంది.

తొందరపడినా పని చెడుతుంది. పాత్ర మరీ వేడిగా ఉంటే వెంట్రుక భగ్గుమని మండి, గీత మిగలకుండా పోతుంది. వదిలిన బొగ్గును కూడా ఆ వేడిలో గాలి కాల్చేస్తుంది. ఆలస్యమైతే వెంట్రుక కాలదు, కరిగి బంకలా అతుక్కుంటుంది. చల్లారాక ఆ బంక పెచ్చుగా లేస్తుంది, కింద మసక మచ్చ తప్ప ఏమీ ఉండదు. ఈ రెంటికీ నడుమ ఉన్న వేడిలో వెంట్రుక తాకీ తాకగానే మెలికలు తిరిగి, చిటచిటమని, పాత్రకు అంటుకున్న మేరా నిక్కచ్చిగా నల్లగీత అవుతుంది. గీతకు ఇరుపక్కలా పలుచటి బూడిదరంగు పొగనీడ పాకుతుంది. ఉష్ణమాపకం చూసే తీరిక ఉండదు కనుక ఒక్క వెంట్రుకతో పరీక్షిస్తారు. అది మాయమైతే ఆగాలి. గీత నిలిస్తే ఇక ఆగకూడదు.

తోక వెంట్రుక ముతక, గీత లావుగా పడుతుంది. జూలు వెంట్రుక సన్నం, సాలెగూడు దారంలాంటి గీతనిస్తుంది. రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని భుజం మీదుగా దించితే గీత కిందికి జారుతూ వంకర్లు పోతుంది. పిడికెడు ఒకేచోట వేస్తే నల్లటి మరక అవుతుంది. చేయి తిరిగినవాళ్లు వేసేది కొద్దిగానే. ఖాళీగా వదిలిన తెల్లటి చోటే గీతకు బలమిస్తుంది. పక్షి ఈకలు వేసి ఈక అచ్చు రప్పించేవాళ్లు, చక్కెర చల్లి చుక్కలు తెప్పించేవాళ్లు కూడా ఉన్నారు. ఫెర్రిక్ క్లోరైడ్ చల్లి నారింజ రంగు తెప్పించడం ఉంది గానీ, దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. సరైన ముసుగు, ఆరుబయలు లేకుండా ఆ జోలికి పోకూడదు. వట్టి వెంట్రుకలు కాల్చినా గాలాడే చోటే కావాలి. వెంట్రుకలోని కెరాటిన్‌లో గంధకం ఉంటుంది, ఆ ఘాటు గదిలో నిలిచిపోతుంది.

గీత కుదరకపోతే పాత్రను పారేయనక్కర్లేదు. గాలి బాగా ఆడే ఆవంలో మళ్లీ 700 డిగ్రీలు దాటిస్తే బొగ్గు కాలిపోయి గీతలన్నీ చెరిగిపోతాయి. పాత్ర తెల్లగా, కొత్తగా చేతికొస్తుంది. గీత రంగు కాదనీ, రంధ్రాల్లో చిక్కుకున్న బొగ్గేననీ చెప్పే సాక్ష్యం ఇంతకంటే అక్కర్లేదు.

ఇదే బొగ్గు, ఇక్కడి కుండ

దక్షిణాది పెద్దరాతి సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు కుండలు ఈ సూత్రానికి ఇంకో రూపం. లోపలి భాగమూ, పైఅంచూ నిగనిగలాడే నలుపు, కింది భాగం ఎరుపు. పాత్రను మూతి కిందికి పెట్టి, గడ్డి, ఊక వంటి వాటిలో కూరుకునేలా కాల్చితే లోపలికీ అంచుకూ గాలి అందదు. అక్కడ మట్టిలోని ఇనుము ఎర్రబారదు, పైగా పొగలోని బొగ్గు ఇంకుతుంది. గాలి తగిలిన అడుగు మాత్రం ఎర్రగా కాలుతుంది. రెండుసార్లు కాల్చి ఉంటారని వాదించేవాళ్లూ ఉన్నారు. ఏ దారిలో చేసినా రంగుపూత వేయకుండా, ఎక్కడ గాలి ఆడాలో ఎక్కడ ఆడకూడదో నిర్ణయించి ఒకే పాత్రకు రెండు రంగులు తెచ్చారు. గుర్రపు వెంట్రుకల కుండలో ఆ పని గీతకే పరిమితం. నైపుణ్యంలో నలుపు-ఎరుపు కుండదే పైచేయి.

చరిత్ర క్లుప్తంగా: గుర్రపు వెంట్రుకల పాత్రలను నేడు అమెరికా ఆదివాసీలైన నవాహో, పుయెబ్లో కుమ్మరులు విరివిగా చేస్తారు. ఒక స్త్రీ జుట్టు వేడి కుండకు తగిలి ఈ విద్య పుట్టిందని అక్కడ ఒక కథ చెబుతారు. పాత్రను ఎర్రటి వేడి మీద బయటికి తీసే పద్ధతి జపాన్ రాకు పాత్రలది, 16వ శతాబ్దిది. పేడ కప్పి పొగ పట్టించి నలుపు మీద నలుపు తెచ్చిన శాన్ ఇల్డెఫోన్సో కుమ్మరి మరియా మార్టినెజ్ (1887-1980) పూతలేని పాత్రకు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది.

తుదిమెరుగు

పాత్ర తనంతట చల్లారాలి, నీళ్లు చల్లకూడదు. చల్లారాక తడిగుడ్డతో బూడిద, మాడిన తునకలు తుడుస్తారు. గట్టిగా తోమితే మెరుగు గీసుకుపోతుంది. ఆరాక తేనెమైనం పలుచగా పట్టించి మెత్తటి గుడ్డతో రుద్దితే నలుపు లోతుగా, తెలుపు వెచ్చగా తేలుతుంది. కొందరు అక్రిలిక్ పూత చల్లుతారు. దుమ్ము పట్టకుండా అది కాపాడినా, రాయితో తెచ్చిన మెరుపు మీద ప్లాస్టిక్ మెరుపు కప్పడం పాత్రకు అన్యాయమే. మైనం పెట్టినా అక్రిలిక్ చల్లినా ఈ పాత్రలో నీళ్లు నిలవవు, తినేవి పెట్టకూడదు. ఇది చూడడానికే. అమ్మేవాళ్లు ఆ మాట కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

మన వంటింటి కుండ

మంచినీళ్ల కుండకు లెక్క తలకిందులు. దాని రంధ్రాలు తెరుచుకునే ఉండాలి. గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది, నీళ్లు చల్లబడతాయి. మైనమో వార్నిషో పూస్తే కుండ అందంగా ఉంటుంది, నీళ్లు చల్లబడవు. వంటకుండకు మాత్రం రంధ్రాలు కొంత పూడాలి. కొత్త కుండలో గంజి కాచే అలవాటు అందుకే. గంజిలోని పిండిపదార్థం రంధ్రాల్లోకి దిగి కారడం తగ్గిస్తుంది.

పాతపాడు పెంకులు

పాణ్యానికి నైరుతిన బనగానపల్లె ఉంది, 1948 వరకు నవాబుల సంస్థానం. దాని దగ్గరి పాతపాడు పేరుమీదే ఒక కుండల రకాన్ని పురావస్తు శాస్త్రజ్ఞులు గుర్తిస్తారు. ఇవి క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దికి చెందిన, చేత్తో చేసి నున్నగా రుద్దిన పాత్రలు. వాటి మీద ఊదా, నలుపు రంగు గీతల అల్లికలు ఉంటాయి. పొడవాటి కాలువలాంటి మూతి ఉన్న గిన్నెలు వీటిలో ప్రత్యేకం. 1980ల మొదట్లో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ తవ్విన ఈ ప్రాంతపు రామాపురంలోనూ రంగుగీతల కుండలు దొరికాయి. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1883-84లో తవ్వించిన భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ తన సేకరణను 1904లో మద్రాసు మ్యూజియానికి అమ్మాడు. అందులో రాతి పనిముట్లతో పాటు కుండపెంకులకూ పెద్ద చోటుంది.

ఇలాంటి పెంకు విలువ అది దొరికిన చోటుతోనే ముడిపడి ఉంటుంది. ఏ పొరలో, దేని పక్కన పడి ఉందో తెలిస్తేనే దాని కాలం తేలుతుంది. ఇంటి అల్మారాలోకి చేరాక అది వట్టి మట్టిముక్క. పొలం దున్నుతుండగా రంగుగీతల పెంకులు బయటపడితే ఏరి తెచ్చుకోకండి. ఉన్నచోటే ఉంచి, ఫొటో తీసి, పురావస్తు శాఖకు తెలియజేయండి.