మీకు తెలుసా? తిరిగొచ్చినా చౌక కాని నౌక

వాడిన నౌకనే మళ్లీ వాడితే అంతరిక్షయానం చౌకవుతుందని స్పేస్ షటిల్ కట్టేటప్పుడు నాసా గట్టిగా నమ్మింది. ఏడాదికి పదులసార్లు ఎగురుతుందన్నారు. 1981లో కొలంబియాతో మొదలైంది. అన్నిటికన్నా ఎక్కువగా ఎగిరిన 1985లో కూడా లెక్క 9 దాటలేదు!

చిక్కంతా మరమ్మతుల్లోనే. వేడి తగలకుండా షటిల్ ఒంటికి వేలకొద్దీ సిలికా పలకలు అతికించేవారు. పట్టుకుంటే థర్మకోల్ ముక్కలా తేలిక. కొలిమిలోంచి ఎర్రగా తీసిన కాసేపటికే పలక అంచుల్ని ఉత్త చేతులతో పట్టుకోవచ్చు. కానీ దాదాపు ప్రతి పలకదీ వేరే ఆకారం, వేరే నంబరు. దిగొచ్చిన ప్రతిసారీ అన్నిటినీ పరీక్షించాలి, పాడైనవి మార్చాలి. ఇక చౌక ఎక్కడిది?

స్పేస్‌ఎక్స్ వారి ఫాల్కన్ 9 రాకెట్ తీరు వేరు. కింది దశకు 9 మెర్లిన్ ఇంజిన్లు, పై దశకు అదే రకంలో మరొకటి. ఒకే ఇంజిన్‌ను వందల్లో తయారుచేస్తే ఖర్చు దిగుతుంది కదా. 2015 డిసెంబరులో కింది దశ నిలువుగా నేలకు దిగింది. 2021 ఏప్రిల్‌లో నలుగురు వ్యోమగాములు, అప్పటికే వాడిన రాకెట్‌పై, వాడిన క్రూ డ్రాగన్ నౌకలోనే అంతరిక్షంలోకి వెళ్లారు. అలాగని సంబరపడకండి, నాసా తనిఖీ విభాగం 2019 అంచనా ప్రకారం ఒక్కో సీటు దాదాపు 5.5 కోట్ల డాలర్లు.

మన ఇస్రో కూడా 2016 మే 23న శ్రీహరికోట నుంచి రెక్కల నౌక నమూనాను ప్రయోగించింది. అందులో మనుషులెవరూ లేరు.