వాన నీళ్ళను మన చేన్లనే ఎట్లా ఆపాలె?

ఈసారి గోడపత్రికలో నేను చేను గురించి రాస్తున్నాను. లెక్కలు కూడా ఉన్నవి, కాని భయపడకండి.

పోయిన సంవత్సరము మిరుగంలో మా నాయిన జొన్నలు, కందులు వేసినాడు. నాలుగు దినాలకు పెద్ద వాన కొట్టింది. తెల్లారి పోయి చూస్తే పై చేనులో విత్తనము లేదు, మెత్తటి మట్టి కూడా లేదు, రాళ్ళు తేలినవి. మా జొన్నలు కింద వాగు ఒడ్డున మొలిచినవి. మా తాత "వాగు మనకన్న మంచిగ ఎవుసం చేస్తున్నది" అన్నాడు. ఎవ్వరం నవ్వలేదు. మళ్ళీ విత్తనము అప్పు తెచ్చి వేసినాము. అది మొలిచినాక ఇరవై దినాలు వాన లేదు, మొలకలు ముడుచుకపోయినవి. ఏడు సంచులు పండే చేనులో మూడు సంచులు వచ్చినవి. అవి సంక్రాంతి దాటినాక ఎన్నో దినాలు రాలేదు. తరువాత గట్క లేదు, రేషను బియ్యమే.

అంత వాన పడ్డ చేను ఇరవై దినాలకే ఎందుకు ఎండింది? నాకు ఇది సమజు కాలేదు. లెక్కల సారును అడిగితే "ముందు ఎంత నీళ్ళు పడ్డవో లెక్క చెయ్యి" అన్నారు.

ఒక చదరపు మీటరు జాగ మీద 1 మిల్లీమీటరు వాన పడితే అది 1 లీటరు అవుతుంది. ఎకరము అనగా సుమారు 4047 చదరపు మీటర్లు. కనుక ఒక్క రాత్రి 50 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరము మీద 2,02,350 లీటర్లు పడ్డట్టు. మన హాస్టలు మిద్దె మీద ఉన్న ట్యాంకు 1000 లీటర్లది. అది నిండని దినము బకెట్ల కాడ ఎంత కొట్లాట అయితదో అందరికి ఎరుకే. అటువంటివి రెండు వందల ట్యాంకుల నీళ్ళు ఒక్క రాత్రిలో మా ఎకరము మీద పడి, మమ్మల్ని అడగకుండా వాగులోకి పోయినవి. మా ఆదిలాబాదు దిక్కు మామూలుగ ఏడాదికి 1000 మిల్లీమీటర్ల పైననే వాన పడుతుంది. అంటే మాకు వాన తక్కువ కాదు, నిలిచే నీళ్ళు తక్కువ.

ఎందుకు నిలవలేదనగా, చేనును వాలు వెంబడి పై నుండి కిందికి దున్నినాము. అట్లా దున్నితే ప్రతి సాలూ ఒక చిన్న కాలువ అవుతుంది. నీళ్ళు ఉరుకుతవి, ఉరికే నీళ్ళు మట్టిని పట్టుకపోతవి. వాలుకు అడ్డముగా దున్నితే ప్రతి సాలు ఒక చిన్న కట్ట. నీళ్ళు ఆడ ఆగి, నెమ్మదిగ భూమిలోకి ఇంకుతవి. కాని కంటితో చూసి అడ్డము అనుకున్నది సరిగ్గా మట్టముగా ఉండదు. దానికొక చట్రము ఉన్నది. పైసలు అక్కరలేదు.

ఏడడుగుల వెదురు కర్రలు రెండు, సరి సమానమువి తీసుకోవాలె. పై కొనలు కలిపి కట్టాలె, కాళ్ళు ఎడముగా పెట్టాలె. నడుమ ఒక అడ్డకర్ర కట్టాలె. ఇంగ్లీషు 'ఏ' అక్షరము లెక్క ఉంటది. పై ముడి నుండి దారము కట్టి, అడ్డకర్ర కిందికి దిగేటట్టు ఒక రాయి వేలాడదీయాలె. ఇప్పుడు చట్రమును నేల మీద నిలబెట్టి, రెండు కాళ్ళ జాగలు గుర్తు పెట్టి, దారము అడ్డకర్రను ఏడ తాకిందో బొగ్గుతో గీత గీయాలె. తరువాత చట్రమును తిప్పి, ఈ కాలు జాగలో ఆ కాలు పెట్టి ఇంకొక గీత గీయాలె. రెండు గీతల సరిగ్గా నడుమ మూడవ గీత. అదే అసలు గీత. దారము దాని మీద ఉంటే రెండు కాళ్ళు ఒకే మట్టములో ఉన్నట్టు. తొమ్మిదవ తరగతి అక్కలు గుర్తు తెచ్చుకోండి, ఇది సమద్విబాహు త్రిభుజమే! శీర్షము నుండి లంబము భూమి మధ్యనే పడుతుంది. ఆ లెక్క చేసేటప్పుడు ఇది దేనికి పనికొస్తది అనుకున్నాను.

చేనులో ఒక గూటము పాతి, చట్రము ఒక కాలు ఆడ పెట్టి, దారము నడిమి గీత మీదికి వచ్చేదాకా రెండో కాలును పైకి కిందికి జరపాలె. కుదిరిన జాగలో ఇంకో గూటము. అట్లనే నడుచుకుంట పోతే గూటాలు పాములెక్క వంకరగా వస్తవి. ఆ వంకర వెంబడి దున్నాలె, ఏరిన రాళ్ళను కూడా ఆ వరుసలోనే పేర్చాలె. ఇది ఎర్ర చెల్క నేలకు. నల్లరేగడిలో నీళ్ళు మరీ నిలిస్తే జొన్న పచ్చబడి చెడిపోతది, కనుక సాలుకు కొంచెము వాలు ఉంచి, చివర గడ్డి ఉన్న దిక్కు పోనియ్యాలె. వాన తప్పినప్పుడు రేగడి పర్రెలు వాస్తది. ఆ పర్రెల నుండే లోపలి పదును ఎగిరిపోతది. సాళ్ళ నడుమ గుంటుక తోలితే పొడి మట్టి పడి పర్రెలు పూడుతవి.

మరి ముందు మా తాత అడ్డముగానే దున్నేవాడు కదా, మేము ఎందుకు నిలువుగ దున్నినాము? మా ఎద్దు చచ్చిపోయింది, అందుకు. రెండేండ్ల కింద వాన తప్పి జొన్న మోకాలెత్తులో వాడింది. ఎద్దు తాడు తెంపుకొని పోయి అది మేసింది. లేత జొన్నలో, అందులో ఎండకు వాడినదాంట్లో నాము అనే విషము ఉంటది. మేసిన కాసేపటికి ఎగశ్వాస వచ్చి పడిపోయింది. పసుల డాక్టరు దగ్గర దీనికి మందు ఉంటది, కాని ఆయన వచ్చేదాకా మా ఎద్దు ఆగలేదు. కనుక జొన్న కంకి వేసేదాకా పసులను చేనులోకి పోనియ్యవద్దు. పండినాక కోసి ఎండబెట్టిన చొప్ప అయితే మంచి మేత. ఒంటి ఎద్దుతో నాగలి కట్టలేము, రెండోదాన్ని అమ్మినాము. ఆ ఏడు పొలాల అమావాస్య నాడు మా కొట్టము ముందర తోరణము కట్టలేదు. తరువాత ట్రాక్టరు కిరాయికి పెట్టినాము. తిప్పుట కష్టమని డ్రైవరు పై నుండి కిందికే దున్నిండు.

నాయిన ఈ ఏడు మొత్తము పత్తి పెడతానన్నాడు. పత్తి కట్టె పొయ్యిలోకే పనికొస్తది, చొప్ప రాదు. చొప్ప లేకపోతే పసులు ఉండవు, పసులు లేకపోతే పెంట ఉండదు, పెంట లేని మట్టి నీళ్ళను పట్టుకోదు. ఇది తాత చెప్పిండు, నేను లెక్క చెప్పిన. ఇద్దరము అడిగితే సగము పత్తికి, సగము జొన్న-కందికి ఒప్పుకున్నడు. ఎండకాలము సెలవులలో నేను, తమ్ముడు జొన్న చేనులో అర ఎకరమునకు గూటాలు పాతినాము. డ్రైవరు ఎక్కువ సేపు పడుతదని ఎక్కువ పైసలు తీసుకున్నడు, కాని గూటాల వెంబడే దున్నిండు. మిరుగంలో మూడు పెద్ద వానలు పడ్డవి. ఆ అర ఎకరములో విత్తనము కదలలేదు. పక్కన నిలువుగ దున్నిన దాంట్లో రెండు జాగల కోసుకపోయింది. కంకులు ఎట్లా వస్తవో దీపావళి దాటినాక తెలుస్తది.

చట్రము హాస్టలు వెనుక జామచెట్టుకు ఆనించి పెట్టినాను. సెలవులకు ఊరికి పోయేవాళ్ళు తీసుకపోవచ్చును, మళ్ళీ తేవాలె. దారము మాత్రము కొత్తది కట్టుకోండి, పాతది ఎలుకలు కొరికినవి.