సడలించిన తంత్రి

చేవెళ్ళ, మొయినాబాదు పల్లెలలో పండుగనాడు డప్పు వాయించబోయే ముందు దానిని మంటకు కాచుట పరిపాటి. సెగ తగిలిన తోలు బిగుస్తుంది, నాదం ఖంగుమంటుంది. తోలు సడలితే నాదం దిగుతుంది. తంత్రికీ ఇదే ధర్మం. ఇంగ్లండులో ఒక కార్మిక యువకుని కళను నిలిపినదీ, ‘హెవీ మెటల్’ అనే సంగీతానికి గాంభీర్యం తెచ్చిపెట్టినదీ ఈ ధర్మమే.

టోనీ అయోమీ బర్మింగ్‌హాములో లోహపు రేకుల కర్మాగారంలో పనిచేస్తూ గిటారు వాయించేవాడు. 1965లో, 17వ యేట, కొలువు మానుకొనే చివరి దినాననే యంత్రంలో చేయి చిక్కి, కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలు తెగిపోయినవి. ఎడమచేతివాటం గల అతడు తంత్రులను అదిమేది ఆ చేతితోనే! ఇక సంగీతం ముగిసినదనుకొన్నాడు. అప్పుడు కర్మాగారపు పర్యవేక్షకుడు అతనికి జాంగో రైన్‌హార్ట్ రికార్డును వినిపించినాడు. అగ్నిప్రమాదంలో రెండు వ్రేళ్ళు చచ్చుబడినా గిటారు విద్వాంసుడై కీర్తి గన్నవాడు రైన్‌హార్ట్. అయోమీకి ప్రాణం లేచివచ్చినది. ప్లాస్టిక్ సీసాను కరిగించి వ్రేళ్ళకు తొడుగులు చేసికొని, వాటిపై తోలు అంటించినాడు. సన్నని తంత్రులు బిగించుకొన్నాడు.

ఆజీ ఆజ్‌బర్న్, గీజర్ బట్లర్, బిల్ వార్డ్‌లతో కలిసి అతడు ‘బ్లాక్ సబ్బాత్’ బృందాన్ని స్థాపించినాడు. 1969 అక్టోబరు 16న లండనులోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో వారు తొలి ఆల్బమును సుమారు 12 గంటలలో ముగించినారు. సభలో వలెనే నలుగురూ ఒక్కసారిగా పాడి వాయించినారు. నడుమ అయోమీ గిటారు మొరాయించగా మరొకటి అందుకొన్నాడు. వర్షధ్వనినీ, గంటానాదాన్నీ తరువాత చేర్చినారు. 1970 ఫిబ్రవరి 13న ఆల్బము వెలువడినది. పలువురు విమర్శకులు ఈసడించినా, శ్రోతలు దానిని బ్రిటిషు పట్టికలో 8వ స్థానానికి చేర్చినారు.

1971 నాటి మూడవ ఆల్బము ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో కొన్ని పాటలకు అయోమీ శ్రుతిని మూడు స్వరస్థానాలు దించినాడు. సడలిన తంత్రి గాయపడిన వ్రేలికి లొంగినది, నాదం బరువెక్కినది. ఆ బరువైన నాదమే తరువాతి బృందాలకు బాట వేసినది. 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమును వెలువరించిన హైదరాబాదు బృందం ‘గాడ్‌లెస్’ నడిచినదీ ఆ బాటలోనే.

కార్మికుని గాయాన్ని వరమని పొగడుట తగదు. ఇందులో మెచ్చదగినది ఆ పర్యవేక్షకుని వివేకం. ఆయన ఓదార్పు మాటలతో సరిపెట్టక, కుంగిన యువకుని ముందు ఒక దృష్టాంతాన్ని నిలిపినాడు. ఉపాధ్యాయుడు చేయవలసినదీ ఇదే గదా!