అన్నభేది: గుణములు, ఉపయోగములు

పచారీ దుకాణంలో పటిక ప్రక్కనే లేత ఆకుపచ్చ పలుకులుగా కనిపించే అన్నభేది పాతతరం గృహిణులకు చిరపరిచితమైనది. సంస్కృతంలో కాసీసము, రసాయన శాస్త్రంలో ఫెర్రస్ సల్ఫేట్. ఈ స్ఫటికాల బరువులో ఐదవ వంతు ఇనుమే. నీటిలో సులభంగా కరుగుతుంది. గాలి తగిలితే పసుపు, గోధుమ కలిసిన పొర కడుతుంది; కనుక మూత బిగించిన గాజుసీసాలో దాచవలెను. నీలిరంగు మైలుతుత్తము దీనికి భిన్నమైనది. అది రాగి లవణం, విషతుల్యం. రెండింటినీ ఒకేచోట ఉంచరాదు.

ఆయుర్వేదంలో స్థానం

రసశాస్త్రం కాసీసమును ఉపరసాలలో చేర్చి, వాలుకా కాసీసము, పుష్ప కాసీసము అని రెండు విధాలుగా చెప్పింది. ఆమ్ల, కషాయ రసములు, ఉష్ణవీర్యము కలది, వాతకఫహరము, కేశములకు హితము. గుంటగలగరాకు రసంలో ఉడికించి దీనిని శుద్ధి చేస్తారు. కాసీస భస్మమును పాండురోగంలోను, కాసీసాది తైలమును మొలలకు పైపూతగాను వైద్యులు వాడుతారు. ఇవి వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన ఔషధాలే గాని, వంటింట్లో తయారుచేసుకోదగినవి కావు.

సిరా నేర్పే పాఠం

పూర్వం కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి, తుమ్మజిగురు చేర్చి వ్రాతకు నల్లని సిరా చేసేవారు. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలియగానే నల్లబడుతుంది. తేయాకులోనూ అటువంటి వగరు ఉన్నది. టీతోపాటు ఇనుము మాత్ర మింగితే కడుపులోనూ ఇటువంటి కలయికే జరిగి, ఇనుము రక్తంలోకి చేరక వృథా అవుతుంది. నిమ్మరసం, ఉసిరి ఇందుకు విరుద్ధంగా ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడతాయి.

రక్తహీనతలో

ఫ్రాన్సు వైద్యుడు బ్లో 1832లో ఈ లవణంతో చేసిన మాత్రలను రక్తహీనతకు ప్రచారంలోకి తెచ్చాడు. నేటికీ ఇది చవకైన మందు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. గర్భిణులకు రోజుకు 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ ఆమ్లంతో కలిపి 180 రోజులు ఇవ్వాలన్నది ప్రభుత్వ విధానం. మాత్రకు ముందు, తరువాత గంటసేపు టీ, కాఫీ, పాలు మానవలెను. వికారం కలిగితే భోజనానంతరం తీసుకోవచ్చును. మాత్రలు వాడేటప్పుడు మలం నల్లబడటం సహజమే. వాడనివారిలో నల్లబడితే వెంటనే వైద్యుని చూడవలెను.

పెరటి మొక్కలకు

సున్నపు నేలల్లో లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి పాలిపోతే అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, చల్లని వేళ వారం వ్యవధిలో రెండుసార్లు చల్లవలెను.

ముఖ్య హెచ్చరిక

దుకాణంలోని అన్నభేదిని తేనెతో సేవించవచ్చునా అని నన్ను పలువురు అడుగుతుంటారు. కూడదనే నా సమాధానం. అందులోని మలినాలు మనకు తెలియవు. మోతాదు మించితే జీర్ణాశయం పుండుపడుతుంది. తలసేమియా ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే ఇనుము మాత్రలు కూడా వాడరాదు. చిన్నపిల్లలు తీపి బిళ్లలనుకొని వీటిని ఎక్కువగా మింగితే ప్రాణాపాయం కలుగవచ్చును. అటువంటప్పుడు గృహవైద్యంతో కాలయాపన చేయక, మాత్రల డబ్బాతో సహా బిడ్డను తక్షణం ఆసుపత్రికి చేర్చవలెను.